సగంలో ఆగిన ట్యాంకులు, వాటిని దాచే పద్ధతి

సగం కట్టిన ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకు మోడల్‌ని మళ్లీ చేతిలోకి తీసుకోవాలంటే టైమ్ కావాలి అనుకుంటాం. టైమ్ ఎలాగోలా దొరుకుతుంది, ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కాసేపు కూర్చోవచ్చు. కానీ డబ్బా మూత తీయగానే ఎక్కడ ఆపామో, ఏ ముక్క గమ్ పెట్టి అతికించామో, ఏది ఊరికే ఆనించి పెట్టామో, ఆ ఆకుపచ్చలో ఎన్ని చుక్కల నలుపు కలిపామో ఏదీ గుర్తుండదు. అక్కడే మూత మళ్లీ పడిపోతుంది, ఇంకో కొత్త కిట్ తెరుచుకుంటుంది. మోడల్‌ని దాచడం అంటే దుమ్ము పడకుండా చూడటం ఒక్కటే కాదు, మనం ఆపిన చోటు కూడా చెరిగిపోకుండా చూడాలి. ఈ మధ్య ఇల్లు సర్దుతూ సజ్జ మీద నుంచి పాత డబ్బాలన్నీ దించాను కాబట్టి ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

ఇప్పుడు బల్ల మీద మూడు బళ్లు ఉన్నాయి. ఒక సెంచూరియన్ (బ్రిటిష్ ట్యాంకు), ఒక షెర్మన్ (అమెరికన్ ట్యాంకు), ఒక బీఎంపీ-2 (సిపాయిల్ని మోసే సాయుధ శకటం). మూడూ 1/35 స్కేలే. ఈ హాబీ తెలియనివాళ్లకి చెప్పాలంటే, అసలు బండి మీద 35 సెంటీమీటర్లు ఉన్నది మోడల్ మీద ఒక సెంటీమీటరు అవుతుంది. సెంచూరియన్‌ని తుపాకీ ముందుకు పెట్టి కొలిస్తే దాదాపు 28 సెంటీమీటర్లు, బీఎంపీ 19 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ 35 అనే అంకె వెనక పెద్ద లెక్కేమీ లేదు. 1960ల మొదట్లో జపాన్‌లోని షిజువోకాలో టమియా కంపెనీవాళ్లు జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్ తయారు చేస్తూ, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూసుకుంటే అది సుమారు 1/35 అని తేలింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి, ఇవాళ మిలిటరీ బళ్ల మోడళ్లు ఎక్కువగా వచ్చేది ఈ సైజులోనే. బ్యాటరీల కోసం పెట్టుకున్న కొలత ప్రపంచం మొత్తానికి ప్రమాణం అయిపోవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

జర్మన్ టైగర్లూ పాంథర్లూ అందరూ కడతారు, బాగానే కడతారు. నాకు మాత్రం మన సైన్యం వాడిన బళ్లు కట్టాలని కోరిక, అందులోనూ హైదరాబాద్‌తో ఏదో ఒక ముడి ఉన్నవి. సెంచూరియన్ ఎందుకంటే లెఫ్టినెంట్ కల్నల్ అర్దెషీర్ తారాపోర్. ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది హైదరాబాద్ సంస్థానం సైన్యంలో, పదాతి దళంలో. అక్కడ గ్రెనేడ్లు విసరడం నేర్పిస్తుండగా ఓ కొత్త సిపాయి విసిరింది సరిగా పోకుండా దగ్గర్లోనే పడితే, ఈయన దూకి దాన్ని తీసి అవతలికి విసిరేశారు. అది పేలి ఛాతీకి దెబ్బలు తగిలాయి. సంస్థానం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ పిలిచి మెచ్చుకుంటే, ఆయన అడిగింది సాయుధ శకటాల దళానికి బదిలీ చేయమని. అలా హైదరాబాద్ లాన్సర్స్‌కి, సంస్థానం విలీనమయ్యాక భారత సైన్యం ట్యాంకు రెజిమెంటు పూనా హార్స్‌కి వెళ్లారు. 1965 యుద్ధంలో ఆ రెజిమెంటు కమాండరు ఆయనే. పాకిస్తాన్‌లోని ఫిల్లోరా దగ్గర గాయపడినా వెనక్కి పోనన్నారు, సెప్టెంబరు 16న యుద్ధరంగంలోనే ప్రాణం వదిలారు. పరమవీర చక్ర వచ్చింది. ఆయన నడిపింది సెంచూరియన్ల దండుని. ఈ కథ తెలిశాక ఆ కిట్‌ని సగంలో వదిలేసి ఊరుకోవడం నాకు చేతకాదు.

షెర్మన్‌ది ఇంకో ముడి. 1790లో నిజాం సేనల్లో పుట్టిన గుర్రపు దళమే తర్వాత డెక్కన్ హార్స్ అయింది. 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకుల్ని ఆపిన రెజిమెంట్లలో అదీ ఒకటి. అప్పటికి వాళ్ల చేతిలో ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు, ఎదురుగా వచ్చినవి వాటికంటే చాలా కొత్త పాటన్లు. చెరుకు తోటల్లో మాటు వేసి, నేలని బురద చేసి, దగ్గరికి రానిచ్చి కొట్టారు. ఇక బీఎంపీ-2 గురించి చెప్పేదేముంది, మనవాళ్లు సారథ్ అని పిలుచుకునే ఆ బండి తయారయ్యేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోనే.

సరే, డబ్బాలు దించాక ఏం చూడాలో చెప్తాను. అన్నిటికంటే ముందు ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాలు. చాలా కిట్లలో ట్రాకులు మెత్తటి వినైల్‌తో బెల్టులా వస్తాయి. అలా మెత్తగా ఉండటానికి దాంట్లో ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుతారు, అది ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. చక్రాలేమో పాలీస్టైరీన్, కిట్ ముక్కలు చేసే మామూలు గట్టి ప్లాస్టిక్. రెండూ ఆనుకుని ఉంటే ఆ రసాయనం చక్రాల్ని తినేస్తుంది. మా ఫ్రెండ్ దగ్గర ఒక బండి చూశాను, పై నుంచి చూస్తే కొత్తదిలా ఉంది, వెనక్కి తిప్పితే చక్రాల అడుగుభాగం కరిగిన మైనంలా ట్రాకులోకి దిగిపోయింది, లాగితే జిగురు తీగలు సాగుతున్నాయి. అన్ని ట్రాకులూ ఇలా చేయవు, కొన్నిటికి ఏమీ కాదు, కానీ ఏది చేస్తుందో ముందుగా తెలుసుకునే దారి లేదు. అందుకే నా షెర్మన్ ట్రాకులు వేరే కవర్లో, చక్రాలు వేరే కవర్లో పెట్టి ఉంచాను. రెండూ బాగున్నాయి. ట్రాకులు మీ కిట్‌కి ఎక్కించేసి ఉంటే, బండి పూర్తయినా కాకపోయినా, ఈరోజే ఒకసారి కింద చూడండి.

తర్వాత అతుకులు. పాలీస్టైరీన్ సిమెంటుతో అతికించినవి గట్టిగానే ఉంటాయి, ఎందుకంటే ఆ గమ్ ప్లాస్టిక్‌ని కరిగించి రెండిటినీ ఒకటి చేస్తుంది. సూపర్‌గ్లూ సంగతి వేరు. ఇత్తడి రేకు ముక్కలు, అదే ఫోటో ఎచ్‌వి, సూపర్‌గ్లూతో పెడతాం కదా, ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసుబారుతుంది. నేను ప్రతి ఇత్తడి ముక్కనీ గోటితో మెల్లగా తట్టి చూశాను. సెంచూరియన్ మీద వెనక వైపు చిన్న కొక్కేలు రెండు టక్కున ఊడొచ్చాయి. ఇప్పుడు ఊడటమే మంచిది, రంగు వేశాక ఊడితే టెన్షన్. పాత గమ్ పెచ్చు బ్లేడుతో గీకి తీసి మళ్లీ అతికించాను.

మోడల్‌ని చాలాకాలం పక్కన పెట్టడంలో ఒక లాభం కూడా ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. అతుకుల సందుల్లో పూసే పుట్టీ ఆరేకొద్దీ కుంగుతుంది. వారంలో రంగు వేసేస్తే, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో అక్కడ సన్నటి గీత మళ్లీ తేలుతుంది. పక్కన పెట్టిన బండి మీద పుట్టీ ఎంత కుంగాలో అంతా కుంగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఇంకో పూత పూసి గరుకు కాగితంతో రుద్దితే ఇక ఆ గీత కనబడదు. నా సెంచూరియన్ టరెట్, అదే తుపాకీ ఉండే తిరిగే పైభాగం, ఇప్పుడు ఉన్నంత నునుపుగా మొదట్లో లేదు.

దుమ్ము విషయం మన ఇళ్లలో కాస్త ప్రత్యేకం. పొడి దుమ్ము అయితే మెత్తటి బ్రష్‌తో పోతుంది. కానీ వంటింటికి దగ్గర్లో ఎక్కడ పెట్టినా తాలింపు పొగ జిడ్డు దుమ్ముతో కలిసి పొరలా కడుతుంది, పసుపచ్చగా, వేలితో తాకితే అంటుకునేలా. దాని మీద ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, కొడితే రంగు నిలవదు. బీఎంపీ హల్, అంటే బండి అసలు ఒళ్లు, ఇలాగే ఉంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, పాత టూత్‌బ్రష్‌తో, బోల్టుల చుట్టూ, ఇంజిన్ మీది జాలీ సందుల్లో నెమ్మదిగా రుద్దాను. బండి కింద టీ వడకట్టే జాలీ పెట్టుకోవాలి. సింకులోకి పోయిన హెడ్‌లైట్ మళ్లీ రాదు. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, సన్నటి ముక్కలు వంగుతాయి. కడిగాక గుడ్డతో తుడవకండి, నూలు పోగులు చిక్కుకుంటాయి. ఫ్యాను కింద బోర్లించి రాత్రంతా వదిలేస్తే చాలు. ఆ తర్వాత ముట్టుకునేటప్పుడు చేతులు కడుక్కోవాలి, మన వేళ్ల జిడ్డు కూడా తక్కువేమీ కాదు.

రంగు వేసి ఆపేసిన బండి అయితే టూత్‌బ్రష్ వద్దు, మేకప్ బ్రష్ లాంటిది చాలు. ఆపిన చోట నుంచి రంగు కలిపి అక్కడక్కడా టచప్ చేద్దామనుకోకండి. ఎంత జాగ్రత్తగా కలిపినా పాత పూత పక్కన కొత్త పూత తేడాగా కనిపిస్తుంది. ఆ భాగం మొత్తం, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, పల్చగా మళ్లీ కొట్టేయడమే మంచిది. టమియా ఆక్రిలిక్ సీసాలో రంగు చిక్కబడి ఉంటే పారేయకండి, దాని థిన్నర్ కొన్ని చుక్కలు వేసి, కలిపి, ఒక రాత్రి అలా ఉంచి, మళ్లీ కలపండి, ఎక్కువసార్లు లేచి వస్తుంది. నీళ్లతో పలచన చేసే రంగులు సీసాలోనే రబ్బరులా గట్టిపడితే మాత్రం ఆశ వదులుకోవాలి.

డికాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి బండి మీద అతికించే గుర్తుల కాగితం, పసుపు రంగుకి తిరిగితే జిప్ కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి టేపుతో అతికించండి. కొన్ని రోజులు ఎండ తగిలితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. నీళ్లలో వేసే ముందు మనకి అక్కర్లేని గుర్తు ఒకటి కత్తిరించి వేసి చూడాలి, పాతవైతే నీళ్లలోనే ముక్కలు ముక్కలుగా పగిలిపోవచ్చు. అలా అయితే మిగతావాటి మీద ముందు మెరిసే రకం (గ్లాసీ) వార్నిష్ ఒక పూత కొట్టి, ఆరాక, ఒక్కో గుర్తునీ అంచు దగ్గరగా కత్తిరించుకుని వాడాలి.

బీఎంపీ మళ్లీ బల్ల మీదికి రావడానికి అసలు కారణం మా చిన్నాయన. ఆయన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మొన్న ఇంటికొచ్చి, కడిగి ఆరబెట్టిన హల్‌ని కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ఏందిరా, ఎనక తలుపులు గింత పల్చగ పెట్టినవ్?" అన్నారు. కిట్‌లో అలాగే వచ్చింది చిన్నాయనా అన్నాను. "అవి ఉత్త తలుపులు కాదురా, అండ్ల డీజిల్ ఉంటది. మంచి మందంగ, ఉబ్బెత్తుగ ఉంటయ్. గివి జూస్తె బీరువ తలుపుల లెక్కున్నయ్" అన్నారు. నిజమే, సిపాయిలు ఎక్కి దిగే ఆ వెనక తలుపుల లోపలే ఇంధన ట్యాంకులు ఉంటాయి, ఫొటోల్లో ఆ ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ షీటు పొరలు కత్తిరించి తలుపుల మీద అతికించి, అంచులు గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. చిన్నాయన పక్కనే కూర్చుని "ఇంక జర, ఇంక జర" అంటూ మందం చెప్పారు. ఇంతమంది చేతుల మీదుగా నడిచే బళ్ల ఫ్యాక్టరీ మన పక్కనే ఉండి, అందులో పనిచేసిన మనిషి మన ఇంట్లోనే ఉండి, నేను విదేశీ రిఫరెన్స్ పుస్తకాలు వెతుక్కోవడం ఎందుకు? మీ ఊళ్లో చెన్నై దగ్గరి ఆవడి ట్యాంకు ఫ్యాక్టరీలోనో మన ఎద్దుమైలారంలోనో చేసి రిటైర్ అయినవాళ్లు ఉంటే ఒకసారి మోడల్ చూపించండి, బయటి ఆకారం గురించి వాళ్ల కంటికి కనిపించేది మనకి కనిపించదు.

ఇప్పుడు దాచడం గురించి.

నేను ఏ బండినైనా ఆపేటప్పుడు డబ్బాలో ఒక చీటీ వేస్తాను. పెన్సిల్‌తోనే రాస్తాను, చెమ్మకి ఇంకు పాకుతుంది. సెంచూరియన్ చీటీ మీద ఇలా ఉంది: "కుడి చక్రాలు అతికించాను. ఎడమవి ఆనించినవే. టరెట్ తిరగాలి, గమ్ వద్దు. పక్క రేకులు ట్రాకులు ఎక్కించాకే. రంగు, చెంచా చూడు." చెంచా అంటే ప్లాస్టిక్ చెంచా. రంగు కలిపిన రోజే చెంచా వీపు మీద కొట్టి, కాడ మీద ఏ సీసా ఎన్ని చుక్కలో రాసి, అదే డబ్బాలో పడేస్తాను. ఏళ్ల తర్వాత మూత తీసినా ఆ చెంచా చూస్తే ఏం చేస్తున్నామో క్షణంలో తెలుస్తుంది. సూచనల కాగితం మీద అయిపోయిన ముక్కలకి రంగు పెన్సిల్‌తో టిక్ పెడతాను. స్ప్రూల (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల) నుంచి కత్తిరించి ఇంకా అతికించని ముక్కలు విడివిడి జిప్ కవర్లలో, కవరు మీద స్టెప్ నంబరుతో. ఇదంతా చేయడానికి పావుగంట పడుతుంది, అదీ పని ఆపేసి లేవబోతున్నప్పుడు, ఒళ్లు బద్ధకంగా ఉన్నప్పుడు. అయినా అప్పుడే చేయాలి, మర్నాటికి సగం మర్చిపోతాం.

డబ్బా విషయానికొస్తే, కిట్‌తో వచ్చిన అట్టపెట్టెని నేను నమ్మను. బొమ్మ బాగుంటుంది కాబట్టి పారేయబుద్ధి కాదు, కానీ వానాకాలంలో అట్ట చెమ్మ పీలుస్తుంది, గోడకి ఆనితే చెదలు, లోపల కాగితం తినే సిల్వర్‌ఫిష్, అవి ముందు పోయేది డికాల్స్ మీదికే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొని, అట్టపెట్టె మూత ఒక్కటి కత్తిరించి లోపల పెట్టుకుంటే ముచ్చటా తీరుతుంది. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. సముద్రం పక్కన, విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకి ఇత్తడి ముక్కలు తొందరగా నల్లబడతాయి, వాళ్లు వానాకాలం ముందు ఆ పొట్లాలు మార్చుకోవాలి.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను: డబ్బాలో కలరా ఉండలు వేయకండి. బీరువాలో బట్టలకి వేసినట్టే పురుగులు రావని వీటికీ వేసేస్తారు ఇంట్లో పెద్దవాళ్లు, వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్‌కి అస్సలు పడదు, మూసిన డబ్బాలో ప్లాస్టిక్ మెత్తబడి పైపొర జిగటగా అయిపోతుంది. పాత చీరల మధ్య మోడల్ డబ్బా పెట్టే అలవాటు ఉంటే ఆ బీరువాలో ఏముందో ముందు చూసుకోండి.

రంగు వేసిన బండికి బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి. మన ఎండలకి ఆ గుండ్రటి బుడగల అచ్చులు రంగు మీద దిగిపోతాయి, ఏం చేసినా పోవు. ముందు బటర్ పేపర్ చుట్టి, దాని మీద ఏదైనా చుట్టుకోండి. హల్ కింద రెండు ఫోమ్ ముక్కలు పెట్టి ఎత్తితే బరువు చక్రాల మీద పడదు. టరెట్ తీసి విడిగా పెట్టండి. తుపాకీ గొట్టానికి కూల్‌డ్రింక్ స్ట్రా తొడిగితే సరిగ్గా సరిపోతుంది. డబ్బా మీద డబ్బా పెట్టాల్సి వస్తే బరువైనది కింద.

ఎక్కడ పెట్టాలి? పైఅంతస్తులో స్లాబు కింది సజ్జ మే నెలలో పొయ్యిలా ఉంటుంది. ఆ వేడికి మామూలు ప్లాస్టిక్ తట్టుకుంటుంది కానీ రెజిన్ (అచ్చులో పోసి చేసే ఇంకో రకం ప్లాస్టిక్) ముక్కలు, ముఖ్యంగా పొడవాటి సన్నవి, వంగిపోతాయి. కింది అరలు, లోపలి గోడ వైపు, ఎండా వంటింటి పొగా తగలనిచోటు చూసుకోండి. నేను ఇప్పుడు పుస్తకాల బీరువా కింది అర ఖాళీ చేసుకున్నాను. పుస్తకాలు సజ్జ ఎక్కాయి, ఇంట్లో దాని మీద కొంత చర్చ నడుస్తోంది.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కష్టమైన దానితో మొదలుపెట్టకండి. అందరికీ నచ్చని పని చక్రాలు రుద్దడం, సెంచూరియన్‌కి పక్కకి ఆరు జతలు, ప్రతిదానికీ అంచు మీద అచ్చు గీత ఉంటుంది. కానీ తిరిగి రావడానికి అదే మంచి పని. ఆలోచించక్కర్లేదు, చెడిపోయేది ఏమీ లేదు, పాట పెట్టుకుని రుద్దుతూ కూర్చుంటే చేతికి పాత అలవాటు తిరిగి వస్తుంది. చక్రాలు అయ్యేసరికి ఎడమ వైపు సస్పెన్షన్ ఎలా కూర్చోవాలో చీటీ చూడకుండానే గుర్తొచ్చింది.

ప్రస్తుతం సెంచూరియన్ ప్రైమర్ దాకా వచ్చింది. వానలు తగ్గాక రంగు వేస్తాను, గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు లాకర్ (lacquer) రకం వార్నిష్ కొడితే తెల్లటి మసక పడుతుంది కాబట్టి తొందరపడను. మన సైన్యం బండి నంబర్లు ఈ కిట్ డికాల్స్‌లో లేవు, సన్నటి బ్రష్‌తో చేత్తోనే రాయాలి. చెంచా వీపు మీద ప్రాక్టీసు చేస్తున్నాను. బీఎంపీకి చిన్నాయన ఇంకా ఏదో చెప్తారట, ఆయన వచ్చేదాకా తలుపులు అతికించకుండా ఉంచాను. షెర్మన్ మాత్రం కొత్త చీటీతో మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. దాన్ని మొదలుపెట్టే ముందు మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్, అదే ఇప్పటి అహిల్యానగర్‌లో ఉన్న కేవలరీ ట్యాంక్ మ్యూజియంకి వెళ్లి మన ట్యాంకుల్ని కళ్లారా చూసి రావాలని ఉంది. ఈ మధ్య ఎవరైనా వెళ్లి ఉంటే, లోపల ఫొటోలు తీసుకోనిస్తున్నారో లేదో నాకు చెప్పండి.